రెండు చక్రాలూ, ఒక గొలుసూ, అమ్మవారి బండీ

నేను ఒక గొలుసుని. గొలుసనగానే మెడలు తడుముకోకండి, నేను ఆ జాతి కాదు. మూడు గజాల పొడవు, బొటనవేలంత లావు, చివర పిడికిలంత తాళం, ఇదీ నా ఆకారం. సైకిలుకి కాపలా కాయడం నా ఉద్యోగం. బంగారు గొలుసుకి మనుషులు కాపలా కాస్తారు. నేను మనుషుల సొత్తుకి కాపలా కాస్తాను. ఇద్దరిలో ఎవరు గొప్పో మీరే చెప్పండి. మీరు మొహమాటపడి చెప్పకపోయినా బాధ లేదు, నాకు తెలుసు.

ఉత్తరాదిన ఎక్కడో ఒక కార్ఖానాలో పుట్టాను. ఎర్రగా కాల్చారు, వంచారు, ఒక కడియంలోంచి ఇంకో కడియం దూర్చారు, చివరికి నూనెలో ముంచి లేపారు. పసిబిడ్డకి తలంటినంత శ్రద్ధగా ఏమీ కాదు గానీ, తలంటే. ఆ పైన గోనెసంచిలో కూరి రైలెక్కించారు. మళ్ళీ వెలుగు చూసేసరికి గోదావరి కాలవ గట్టున పెదలాకులు అనే ఊళ్ళో, ఇనపసామాన్ల కొట్టులో, దూలానికి వేలాడుతున్నాను. ఒక పక్క ఉయ్యాల గొలుసు, ఇంకో పక్క కుక్క గొలుసు. ఉయ్యాల గొలుసుకి ఒళ్ళంతా గీర. గృహప్రవేశాలకి తనని పిలుస్తారట, నన్నెవరు పిలుస్తారట! కుక్క గొలుసు మంచిది పాపం, దాని బాధలు దానికున్నాయి.

నన్ను మొదట కొన్నది ఒక టీకొట్టాయన. ఎందుకో ఊహించండి. మంచినీళ్ళ కుండ దగ్గర పెట్టిన స్టీలు గ్లాసుని ఎవరూ ఎత్తుకుపోకుండా కట్టడానికి! గ్లాసుకి కన్నం పొడిచి, నన్ను తగిలించి, స్తంభానికి తాళం వేశాడు. దాహంతో వచ్చినవాడు గ్లాసు ఎత్తితే నేనూ లేవాలి. నేను అంత తేలిగ్గా లేచే రకం కాదు. రెండు చేతులా ఎత్తి, సగం నీళ్ళు చొక్కా మీద ఒంపుకుని, మిగిలిన సగం తాగి, వచ్చినప్పటికన్నా ఎక్కువ దాహంతో వెళ్ళేవారు. వారం తిరక్కుండా నేను మళ్ళీ కొట్టులో దూలానికి వేలాడాను. ఉయ్యాల గొలుసు పగలబడి నవ్వింది.

అప్పుడొచ్చింది పేరంటాలు.

పేరంటాలు జాకెట్లు కుడుతుంది. కొట్టు పెట్టుకుని కూర్చునే రకం కాదు. మెడలో టేపు వేసుకుని, సైకిలు బుట్టలో బట్టలు వేసుకుని, కాలవ గట్టు వెంబడి ఊరూరా తిరిగి, ఇళ్ళకే వెళ్ళి కొలతలు తీసుకుంటుంది, కుట్టినవి ఇచ్చి వస్తుంది. మొగుడు లారీ డ్రైవరు, ఎప్పుడో చుట్టపుచూపుగా ఇంటికొస్తాడు. అత్తగారు వరాలమ్మ, మావగారు పద్దాలు, వీళ్ళతోనే కాపురం. సైకిలెక్కిన పేరంటాలుని చూడాలి మీరు. గట్టు దిగుడులో రెండు కాళ్ళూ పెడళ్ళ మీంచి తీసేసి, ఎదురుగాలికి నోరు తెరిచి పాడుతుంది. గొంతు మాత్రం బాగుండదు. ఆ సైకిలంటే ఆవిడకి ప్రాణం. అది లేకపోతే కుట్టుమిషనుతో పాటు తనూ ఇంట్లో ఒక మూల ఉండిపోవాలని ఆవిడకి బాగా తెలుసు.

ఆ సైకిలు మీద ఊళ్ళో ఎవడో కన్నేశాడు. మొదటిసారి బస్టాండు దగ్గర వెనక చక్రానికి తాళం వేసి వెళ్ళింది. తిరిగొచ్చేసరికి ముందు చక్రం లేదు. సైకిలు ముక్కు నేలకి ఆనించి దణ్ణం పెడుతున్నట్టుంది. సరే, కొత్త చక్రం వేయించి, ఈసారి బుద్ధిగా ముందు చక్రాన్ని కరెంటు స్తంభానికి కట్టి తాళం వేసింది. తిరిగొచ్చేసరికి చక్రం భద్రంగా స్తంభానికే ఉంది. సైకిలే లేదు! నట్లు విప్పేసి మిగతాదంతా పట్టుకుపోయాడు మహానుభావుడు. ఒంటిచక్రం సైకిలుతో ఎంతదూరం పోగలడు? చెయ్యి నొప్పి పుట్టి కాలవ గట్టున పడేసి పోయాడు. దొరకడం దొరికింది గానీ, ఊరంతా నవ్వింది.

ఆ నవ్వు మావగారు పద్దాలుకి గుచ్చుకుంది. ఆయన కాలవ లాకుల దగ్గర లస్కరుగా చేసి రిటైరైనవాడు. పడవ వస్తే లాకు తలుపులు తెరవడం, పోగానే బిగించడం, జీవితమంతా అదే పని. మూసింది మూసినట్టుండాలి, పెట్టింది పెట్టినచోటుండాలి అన్నది ఆయన సిద్ధాంతం. అలాంటాయన కోడలికి తాళం వేయడం రాదని టీకొట్లో అనుకుంటుంటే ఎలా భరిస్తాడు? వీధరుగు మీద నిలబడి, నలుగురూ వినేలా ఒట్టు పెట్టేశాడు.

"ఇదిగో అమ్మాయ్, ఇనుకో. ఇంకోపాలి నువ్వెట్టినచోట సైకిలు కనపళ్ళేదంటే, అమ్మోరి మీదొట్టు, మర్నాడే అమ్మి పారేత్తాను!"

"అంత మాటెందుకు మావయ్యా?" అంది పేరంటాలు.

"అనేశాను. అయిపోయింది."

అయిపోయిందనే అందరికీ తెలుసు. పద్దాలు ఒట్టు పెట్టాడంటే లాకు తలుపు బిగించినట్టే. పక్కింటి రామలింగం చెవిలో ఆ మాట అమృతంలా పడింది. అతనికి సెంటర్లో కొబ్బరికాయల కొట్టుంది. కాయలు మొయ్యడానికి ఒక సైకిలు కావాలి. ఆ రోజునించి పొద్దున్నే వచ్చి, పలకరింపుగా నవ్వి, పేరంటాలు సైకిలు టైర్లు నొక్కి చూసి వెళ్ళేవాడు. సొంత సైకిలుకైనా అంత శ్రద్ధగా ఎవరూ గాలి చూడరు.

పేరంటాలు ఏడవలేదు. టేపు తీసి సైకిలుకి కొలతలు తీసింది! ముందు చక్రం పుల్లల్లోంచి దూరి, మధ్యలో ఫ్రేము చుట్టూ తిరిగి, వెనక చక్రం పుల్లల్లోంచి బయటికొచ్చి, ఒక స్తంభాన్ని కావలించుకుని, మళ్ళీ మొదటికి రావాలంటే ఎంత పొడవు కావాలి? అక్కడక్కడ వదులుకి ఒక వేలు కలిపింది, జాకెట్టుకి కలిపినట్టే. ఆ కొలత పట్టుకుని ఇనపకొట్టుకొచ్చి, దూలానికున్నవన్నీ కొలిచి, నా దగ్గర ఆగింది. "ఇదే. అతికినట్టు సరిపోద్ది" అంది. ఉయ్యాల గొలుసు నవ్వు ఆగిపోయింది.

అంతటితో ఊరుకుందా? నేను రాసుకుని ఫ్రేము రంగు పోతుందని నాకు తొడుగు కుట్టింది. ఎవరిదో పెళ్ళి జాకెట్టులో మిగిలిన ఎర్ర పట్టుముక్కలు, జరీ అంచు కూడా ఉంది, వాటిని సన్నటి గొట్టంలా కుట్టి నన్ను అందులోకి ఎక్కించింది. ఇనపకొట్టులో దూలానికి వేలాడినవాణ్ణి, జరీ అంచు పట్టుబట్ట కట్టుకుని సెంటర్లోకి వెళ్ళేసరికి కళ్ళు నెత్తికెక్కాయి. ఒప్పుకుంటున్నాను. మీకైతే ఎక్కవా?

మూడు నెలలు ఏ దొంగ ఆటా నా దగ్గర సాగలేదు. ఎవడో ఒకసారి వచ్చాడు, పట్టుకుని చూశాడు, నిట్టూర్చి వెళ్ళాడు. రామలింగం మాత్రం రోజూ గాలి చూస్తూనే ఉన్నాడు.

ఇంతలో దసరా వచ్చింది. మహర్నవమి నాడు ఆయుధపూజ. మా ఊళ్ళో ఎవరు ఏ పనిముట్టుతో బతుకుతారో దాన్ని కడిగి, పసుపు రాసి, బొట్టు పెట్టి అమ్మవారి ముందుంచుతారు. మర్నాడు దశమికి ఉద్వాసన చెప్పేదాకా దాన్ని ముట్టుకోరు. పేరంటాలు కత్తెర, టేపు, మిషను ఇంట్లోనే పూజలో పెట్టేసింది. సైకిలుకి మాత్రం సెంటర్లో పందిరి దగ్గర, పంతులుగారి చేత పూజ. ట్రాక్టర్లు, ఆటోలు, మోపెడ్లు, వాటి మధ్య మా సైకిలు. నిమ్మకాయలు తొక్కించారు, చక్రాలకి పసుపు, హేండిలుకి బంతిపూల దండ. ఆ పైన అసలు చిక్కొచ్చింది. పూజ అయిన బండిని ఆ రోజు తొక్కకూడదు, తోసుకొచ్చినా తొక్కినట్టే అని వరాలమ్మ శాసనం. అక్కడే వదిలి, నడిచి ఇంటికెళ్ళాలి.

ఎక్కడ కట్టాలి? నేలంతా కొబ్బరినీళ్ళ బురద. కడిగిన సైకిలుని అందులో పెట్టడానికి మనసొప్పలేదు పేరంటాలుకి. పందిరి పక్కన మోకాలెత్తున చెక్కల అరుగు ఒకటి కనిపించింది. పైన ఎర్రగుడ్డ పరిచి ఉంది, చుట్టూ అరటిబోదెలు, మామిడాకులు, నేలదాకా వేలాడే కుచ్చుల గుడ్డ, ఒక అంచున లావాటి ఇనప గొట్టం. ఉత్సవ కమిటీ ప్రెసిడెంటు ముత్యాలయ్యగారు మైకు పట్టుకుంటే వదలరు. ఈ ఏడు ఆయన ఉపన్యాసానికి స్టేజీ కూడా కట్టారు కాబోలు అనుకుంది. సైకిలెత్తి దాని మీద ఓ పక్కగా పెట్టి, నన్ను రెండు చక్రాల్లోంచీ ఫ్రేములోంచీ దూర్చి, ఆ గొట్టానికి చుట్టి, టక్కున తాళం వేసింది. ఒకసారి లాగి చూసుకుని హాయిగా వెళ్ళిపోయింది.

అది స్టేజీ కాదండీ. అమ్మవారి ఊరేగింపుకి కొత్తగా చేయించిన తోపుడుబండి. దాని నాలుగు చక్రాలూ కుచ్చుల గుడ్డ వెనకాల దాక్కుని ఉన్నాయి. నేను గొట్టానికి చుట్టుకోగానే అడుగున కిర్రుమని వినిపించింది. అప్పుడే నాకు అనుమానం వచ్చింది. కానీ నేను గొలుసుని, ఎవరితో చెప్పను?

ఇంట్లో ఏం జరిగిందో తరవాత పేరంటాలు నా తొడుగు ఉతుకుతూ చెబుతుంటే విన్నాను. గుమ్మంలో అడుగు పెట్టగానే వరాలమ్మ కోడలి చేతిలోంచి తాళంచెవి లాక్కుంది. "ఇదీ ఇనుమే, నీకు అన్నం పెట్టేదే. దీన్నొదిలేత్తే అమ్మోరికి కోపం రాదా?" అని బొట్టు పెట్టి పూజలో కత్తెర పక్కన పెట్టేసింది. రెండో తాళంచెవి ఏదీ అంటారా? పోతే పనికొస్తుందని ఇచ్చిన ఆ రెండోదాన్ని మొదటిదానికే కలిపి కట్టుకుంది మా పేరంటాలు. మనుషుల జాగ్రత్త అలాగే ఉంటుంది.

మధ్యాహ్నం ముత్యాలయ్యగారు, కమిటీవాళ్ళు అమ్మవారి ఉత్సవ విగ్రహాన్ని బండెక్కించడానికి వచ్చారు. ఎక్కించారు. పక్కన చూస్తే సైకిలు. అప్పటికి దారినపోయినవాళ్ళంతా దాని మీద ఓ దండ, ఓ రెబ్బ వేసి పోయారు కాబట్టి అది సైకిలని తెలుస్తోంది గానీ ఎవరిదో తెలియడం లేదు. ఇది బండి చేసిన వెల్డింగు షాపాయన అలంకారమని ప్రెసిడెంటుగారు అనుకున్నారు. ప్రెసిడెంటుగారి ఆలోచనని వెల్డింగాయన అనుకున్నాడు. అడిగితే తెలియదని తెలిసిపోతుందని ఇద్దరూ గంభీరంగా తలలూపారు. చివరికి డప్పులవాళ్ళలో ఒకాయన, అమ్మవారికి చోటు ఇరుకైందని సైకిలుని జరపబోయాడు. నేను జరగనిస్తేగా!

"తాళమేసుందండి!" అన్నాడు.

"కోసెయ్యవయ్యా" అన్నారు ముత్యాలయ్యగారు వెల్డింగాయనతో.

ఆయన రెండు చెవులూ పట్టుకున్నాడు. "అయ్ బాబోయ్! ఇయ్యాల ఆకురాయి కాదు కదండీ, గుండుసూదైనా ముట్టుకోను. సామానంతా అమ్మోరి ముందుంది."

మనుషుల్ని పరిగెత్తించారు. వడ్రంగి రంపం బొట్టు పెట్టుకుని కూర్చుంది. కమ్మరి సుత్తి మెడలో చామంతి దండ ఉంది. ఆటో మెకానిక్కు అయితే పానాలన్నిటికీ కొబ్బరికాయ కొట్టి ఊరెళ్ళిపోయాడు. ఊరు మొత్తంలో నన్ను కొయ్యడానికి పనిముట్టంటూ ఒక్కటి లేదు. మా జాతి చరిత్రలో ఇంత భద్రమైన రోజు ఇంకొకటి ఉండదు.

"వర్జ్యం వచ్చేస్తోందయ్యా" అని పంతులుగారు తొందరపెట్టారు. తరవాత నా వైపు వంగి చూశారు. "పట్టు కూడా తొడిగారే! ఎవరిదో మొక్కు. అయినా అమ్మవారి చేతిలో చక్రం ఉండనే ఉంది. పక్కన రెండుంటే వచ్చిన నష్టమేమిటి? కదలండి."

కదిలాం. డప్పులు మోగాయి, సన్నాయి ఎత్తుకుంది, నేను రెండు చక్రాల్నీ గట్టిగా పట్టుకుని అమ్మవారి మోకాలి పక్కన ఊరేగాను. ఉయ్యాల గొలుసూ, ఎక్కడున్నావే నువ్వు? మొదటి సందులో ఒక ముసలావిడ హారతిపళ్ళెంతో వచ్చి, గుళ్ళో గంట కొట్టినట్టు సైకిలు బెల్లు ట్రింగుమనిపించి దణ్ణం పెట్టింది. అంతే, అదే పద్ధతైపోయింది. ఆ తరవాత ఇల్లిల్లూ బెల్లు కొట్టాకే కొబ్బరికాయ కొట్టింది. క్యారియరు మీద అరటిపళ్ళు పెట్టారు, బ్రేకులకి గాజులు తొడిగారు. ఒకావిడ సీటుకి గంధం రాసి కళ్ళకద్దుకుంది. "అమ్మోరు ఈయేడు సైకిలెక్కిందర్రా!" అని ఎవరో అరిచారు. డప్పులు రెట్టించాయి. నవ్వాపుకోలేక నా కడియాలు గలగలమన్నాయి.

అక్కడ సెంటర్లో జరిగింది కూడా తరవాత పేరంటాలు చెప్పగా విన్నదే. సాయంత్రం పందిట్లో అమ్మవారికి పూలు తెచ్చింది. చూస్తే సైకిలు లేదు. సైకిలు పెట్టిన స్టేజీ కూడా లేదు. "స్టేజీతో సహా ఎత్తుకుపోయాడ్రా దేవుడా!" అని తలమీద చేతులు పెట్టుకుంది. గొడౌనులోంచి కాయల బస్తాతో అప్పుడే వచ్చిన రామలింగం ఖాళీ జాగా చూశాడు, ఆవిడ మొహం చూశాడు, బస్తా అక్కడే దించేశాడు. "అయ్యయ్యో, పెట్టినచోట లేదా అమ్మా? మావగారికి నేను చెబుతాన్లే, నువ్వు కంగారుపడకు" అంటూ ఎంతో దయగా పరుగెత్తాడు. పేరంటాలుకి ఇక రేపటినించి గట్టు లేదు, గాలి లేదు, పాట లేదు. ఏడుస్తూనే ఇంటిదారి పట్టింది.

ఊరేగింపు లాకుల వీధిలోకి తిరిగేసరికి పద్దాలు గుమ్మంలో హారతిపళ్ళెం పట్టుకుని నిలబడి ఉన్నాడు. పక్కన వరాలమ్మ. ఇంకో పక్క ఆయాసపడుతూ రామలింగం. "లేదండీ, నా కళ్ళతో చూశాను. మరి మీ ఒట్టు..." అంటున్నాడు. పద్దాలు మొహం మాడిపోయి ఉంది. కోపం కాదది, దిగులు. అమ్మడం ఆయనకీ ఇష్టం లేదని నాకు అప్పుడే తెలిసింది.

పక్కింటివాళ్ళు ట్రింగుమని బెల్లు కొట్టారు. పద్దాలు తలెత్తాడు. రోజూ సాయంత్రం ఆ చప్పుడు కోసమే ఆయన అరుగు మీద కూర్చునేది. కోడలు క్షేమంగా వచ్చిందని దానితోనే తెలిసేది. బండి దగ్గరికొచ్చి దండలు పక్కకి జరిపి చూశాడు. సైకిలు చూశాడు, నన్ను చూశాడు. సరిగ్గా అప్పుడే వీధి చివర్నించి పేరంటాలు పరుగెత్తుకొచ్చి, అమ్మవారి పక్కన తన సైకిలు చూసి, నోరు తెరిచి నిలబడిపోయింది.

"దొరికిందనుకోండి, కానీ ఒట్టు ఒట్టే కదండీ" అన్నాడు రామలింగం. "సెంటర్లో పెట్టింది. ఇప్పుడు మీ గుమ్మంలో ఉంది. పెట్టినచోట లేనట్టేగా."

డప్పులు ఆగిపోయాయి. పద్దాలు పెట్టిన ఒట్టు వీధి వీధంతా విన్నదే, అమ్మవారేమో ఎదురుగా కూర్చుని ఉంది.

పద్దాలు కోడలి వైపు తిరిగాడు. "అమ్మాయ్, ఇటు రా" అన్నాడు. "పొద్దున్న సైకిలెక్కడెట్టావు?"

పేరంటాలు కళ్ళు తుడుచుకుంది. బండిని చూసింది, ఎర్రగుడ్డని చేత్తో తడిమింది. ఆ మొహంలో మెల్లగా వెలుగొచ్చింది.

"ఇక్కడే మావయ్యా! ఈ ఎర్రగుడ్డ మీదే. ఇదుగో, ఈ గొట్టానికే గొలుసేశాను."

"ఇప్పుడెక్కడుంది?"

"ఇక్కడే! ఈ గుడ్డ మీదే, ఈ గొట్టానికే!"

"ఆగు, నన్ను సూడనీ." హారతిపళ్ళెం వరాలమ్మ చేతికిచ్చి, పంచె ఎగ్గట్టి, రెండు చేతులా నన్ను పట్టుకున్నాడు. లాకు తలుపులు తిప్పిన చేతులండీ అవి. కాలు బండికి తన్నిపెట్టి లాగాడు. కాలవంత బలం ఉంది ఆ లాగుడులో. నేను పుట్టింది ఈ నిమిషం కోసమే అనిపించింది నాకు. కడియం కడియం బిగబట్టాను. బండి ఊగింది, అమ్మవారి కిరీటం కదిలింది, ముత్యాలయ్యగారు కెవ్వుమన్నారు. నేను మాత్రం వెంట్రుకంత కూడా జరగలేదు.

పద్దాలు చేతులు దులుపుకున్నాడు. "ఉంది. ఎట్టినచోటే ఉంది."

"అదేటండీ! చోటే ఊరంతా తిరిగొచ్చింది కదండీ!" అన్నాడు రామలింగం ఏడుపుగొంతుతో.

"చోటు గురించి నేనొట్టెట్టలేదు."

వీధి ఒక్కసారిగా గొల్లుమంది. వరాలమ్మ పళ్ళెం పట్టుకునే నవ్వుతోంది. పేరంటాలు నవ్వుతూ ఏడుస్తూ అత్తగారి భుజం మీద పడింది. పద్దాలు మాత్రం నవ్వకుండా, ఎంతో శ్రద్ధగా బెల్లు ట్రింగుమనిపించి, హారతిచ్చి, కళ్ళకద్దుకున్నాడు. డప్పులు మళ్ళీ అందుకున్నాయి. బండిని ఒక్క ఊపున తోసేసరికి సైకిలు హేండిలు అటూ ఇటూ ఊగింది. పద్దాలు రెండు చేతులూ ఎత్తి, వీధి దద్దరిల్లేలా అరిచాడు.

"నెమ్మదిగా తొయ్యండ్రా! మా కోడలి సైకిలుంది!"